పిల్లలకు మర్మకథలు వ్రాయవచ్చునా?

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1–10



ఓడ బద్దలై 276 మంది ప్రాణములతో మెలితే ద్వీపపు ఒడ్డున పడిన సంగతి మీరెరుగుదురు. వర్షము, చలి. ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి వచ్చినవారినందరిని చేర్చుకొనిరి. పౌలు కూడ ఊరకుండక మోపెడు పుల్లలేరి మంటమీద వేయుచుండగా, సెగకు ఒక సర్పము వెలుపలికి వచ్చి అతని చేయి పట్టెను. అది వ్రేలాడుట చూచిన వెంటనే అక్కడివారు తీర్పు చెప్పివేసిరి: ఇతడు హంతకుడే, సముద్రము విడిచినను న్యాయము ఇతని విడువలేదు అనిరి. చేయి వాచునో, పడి చచ్చునో అని చాలసేపు కనిపెట్టిరి. ఏమియు కాలేదు. అప్పుడు ఇతడు దేవుడని చెప్పసాగిరి.

ఈ భాగముమీద ప్రసంగములు సాధారణముగా సర్పమును గురించియు, పౌలు విశ్వాసమును గురించియు నడచును. మేము ఈ నెల ఆ మంటచుట్టు నిలిచియున్న ద్వీపవాసులను గురించి ఆలోచింపగోరుచున్నాము. వారు చెడ్డవారు కారు. మన తెలుగు బైబిలు వారిని అనాగరికులన్నది గాని, ఆ మాటతోనే వారు చేసిన ఉపచారము కొలువరానిదని కూడ లూకా వ్రాసెను. ముక్కు మొగము తెలియని 276 మందికి వానలో నిప్పు పెట్టిన చేతులవి. ఆ దయగలవారే, ఆ పూటయే, ఒక మనుష్యునిమీద నరహత్య మోపిరి. సాక్ష్యమేమి? ఒక పాము. అతడు ఖైదీ, వెంట సైనికులున్నారు, కనుక నింద అతికినట్లు కూర్చున్నది. తరువాత దేవుడనిరి. అదియు తప్పే. రెండు తీర్పులలో ఏ తీర్పుకు ముందును, నీవెవరవని ఆ మనిషిని అడిగినవారు ఒక్కరును ఉన్నట్లు కనబడదు.

ఈ సంగతి ఇప్పుడేల వచ్చినదనగా, మా ప్రాంతపు సండేస్కూలు ఉపాధ్యాయులు కొందరు వేసవి బైబిలు పాఠశాల పిల్లలకొరకు చిన్న కథల పుస్తకము వ్రాయబూనిరి. కథలన్నియు ఒక దీవిలో జరుగును. ప్రతి కథలోను ఏదో యొక మర్మముండును. ఒకదానిలో పడవ మాయమగును, ఒకదానిలో తెలియని జబ్బు వచ్చును, ఒకదానిలో రాత్రివేళ నీటిమీద దీపము కనబడును. పిల్లలే దాని గుట్టు తెలిసికొందురు. ఇది విని కొందరు పెద్దలు, డిటెక్టివు కథలను సంఘములోనికి తెచ్చుచున్నారా అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పుట మాకు చేతకాలేదు.

పెద్దల అభ్యంతరమునకు వాక్యాధారము లేకపోలేదు. రహస్యమందు జరుగు క్రియలను గురించి మాటలాడుటయు అవమానకరమని ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. సత్యమైనవి, పవిత్రమైనవి, రమ్యమైనవి వాటిమీద మనస్సుంచుమని ఫిలిప్పీయులకు వ్రాయబడినది. రహస్యములు దేవునివని ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయములో ఉన్నది. పదేండ్ల పిల్లవాని మనస్సులో దొంగతనమును, ద్వేషమును మనమే నాటి, నీరు పోసి పెంచుట ఎందుకు? ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. చంపుట, నెత్తురు, పగ, వీటిని ఆటవస్తువులుగా చేయు కథలు పిల్లలకు వద్దే వద్దని మేమును అందుము.

అయితే ఎఫెసీ పత్రికలోని ఆ మాట అక్కడ ఆగిపోలేదు. ఖండింపబడిన ప్రతిదియు వెలుగుచేత బయలుపడునని వెంటనే తరువాతి వచనము చెప్పుచున్నది. చీకటి పనిని చప్పరించుచు చెప్పుట ఒకటి, దానిమీదికి దీపము తెచ్చుట వేరొకటి. దేవుని మర్మములు దేవునివే. పొరుగువాని మేకను ఎవరు తోలుకొనిపోయిరన్నది దేవుని మర్మము కాదు, అది మనము వెదకి తెలిసికొనవలసిన సంగతి. ఇట్టి విషయమును విచారించి, పరిశోధించి, బాగుగా అడిగి తెలిసికొనవలెనని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయములో మూడు క్రియలు ఒకదానివెంట నొకటి పెట్టి ఆజ్ఞాపింపబడినది. ఒక సాక్షి చాలడని 19వ అధ్యాయములో నున్నది. మొదట వాదించువాడు న్యాయవంతుడుగానే కనబడును, ఎదుటివాడు వచ్చి పరీక్షించువరకే అని సామెతలు 18వ అధ్యాయము. ఇవన్నియు పెద్దలకొరకు వ్రాయబడిన మాటలే గాని, పెద్దవారైన తరువాత మొదటిసారి నేర్చుకొనుటకు ఇవి మిక్కిలి కష్టమైన మాటలు.

ఇదియు గాక, మనము వ్రాయకున్న పిల్లలు మర్మకథలు చదువకుండ నుందురా? కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరును మన తండ్రుల తరమువారు దిండుక్రింద దాచుకొని చదివిరి. నండూరి రామమోహనరావుగారు తెనిగించిన కాంచనద్వీపము, టామ్ సాయర్ ఆంధ్ర వారపత్రికలో వచ్చి ఎందరో పిల్లలను చదువరులుగా చేసినవి. నేటి పిల్లలు సిగ్నలు దొరకు గుట్ట ఎక్కి సెల్‌ఫోనులో చూచున్నవి ఆ పుస్తకములకంటె మంచివని మేము చెప్పజాలము. పిల్లవానికి ఏమి జరిగినదో తెలిసికొనవలెనను ఆకలి పుట్టుకతోనే వచ్చినది. ఆ ఆకలికి మనమేమి పెట్టుచున్నామన్నదే ప్రశ్న.

ఇక దీవి సంగతి. కథకులు దీవిని ఎన్నుకొనుటకు కారణము సులభము. చుట్టు నీరుండగా వెలుపలివాడు రాలేడు, లోపలివాడు పోలేడు. ఏమి జరిగినను అది మనలో నొకనివలననే జరిగియుండవలెను. మా డొంకరాయివారికి ఇది పుస్తకములో మాట కాదు. మా జలాశయమునకు దిగివచ్చు సీలేరుమీద, ఎగువన ఒడిశాలో, బలిమెల ఆనకట్ట కట్టినప్పుడు నీరు నిలిచి మల్కనగిరి జిల్లాలో 150కి పైగా గ్రామములు తక్కిన లోకమునుండి తెగిపోయినవి. మూడు వైపుల నీరు, వెనుక కొండలు, అడవి. లాంచీయో, నాటుపడవయో తప్ప దారి లేదు. ఆ ప్రాంతమును కటాఫ్ ఏరియా అనియే పిలిచిరి. 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరువబడువరకు కొన్ని తరములవారు దీవివాసులవలెనే బ్రతికిరి. క్రింద గోదావరి లంకలలోని మన సహోదరులకును వరదకాలములో అదే అనుభవము.

అట్టి చోట అనుమానమను మాటకు బరువెక్కువ. పట్టణములో ఒకని దొంగ అన్నయెడల అతడు వేరొక వీధికి మారిపోవచ్చును. నీటినడుమ ఊరిలో ఎక్కడికి పోవును? నీవు నింద వేసిన మనిషియే రేపు ఊటదగ్గర నీ కడవకు చేయి వేసి ఎత్తును. అతని పడవలోనే నీ బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోవలెను. కాబట్టి దీవికథ వ్రాయువారు మొదట నిశ్చయింపవలసినది ఒకటున్నది. నేరము ఎవరి తలమీద పెట్టెదరు?

పిల్లల పుస్తకములలో దీనికొక తేలిక దారి కనిపెట్టబడినది. ఇంగ్లండులో ఎనిడ్ బ్లైటన్ అను రచయిత్రి 1942లో నలుగురు పిల్లలు, ఒక కుక్క, ఒక దీవి పెట్టి కథ వ్రాసి ఎన్నో దేశముల పిల్లలను సంతోషపెట్టెను. అందులో బంగారము కొరకు ఆ దీవిని చేజిక్కించుకొనజూచిన దుర్మార్గులు వెలుపలివారు. చివరకు వారు పట్టుబడుదురు, పిల్లలు ఇంటికి పోయి కడుపునిండ తిందురు. ఎవరి మనస్సును నొవ్వదు. మా ఉపాధ్యాయుల మొదటి చిత్తుప్రతిలో కూడ మేకలకు విషము పెట్టినవాడు క్రిందనుండి సంతకు వచ్చిన వర్తకుడు. ఊరివారందరు మంచివారే. ఇది ఆరోగ్యకరమైన కథ కాదా అని అడుగుదురు.

మేము దీనికి ఒప్పుకొనలేదు. వెలుపలివాని మీదికి నేరము నెట్టుట ఎక్కడికి పోవునో కొండవారికంటె బాగుగా ఎవరు ఎరుగుదురు? క్రిందివారు వ్రాసికొను కథలలో వెలుపలివారము మనమే గదా. మార్క్ ట్వేన్ 1876లో వ్రాసిన టామ్ సాయర్ చాల మంచి పుస్తకము. అందులో చేయని హత్యకు మఫ్ పాటర్ అను త్రాగుబోతు చెరలో పడగా, నిజము తెలిసిన పిల్లవాడు ప్రాణభయము విడిచి కోర్టులో సాక్ష్యమిచ్చిన ఘట్టము మా సండేస్కూలులో చెప్పదగినదే. కాని హత్య చేసినవాడెవడు? ఇంజన్ జో. ఆదివాసి రక్తము కలిసినవాడు. ఆ ఊరిలో అతడు తప్ప మరియొకడు దొరకలేదా అని మా గూడెపు పిల్లవాడు అడిగిననాడు మేమేమి చెప్పవలెను?

ఇది కథలతో పోవు సంగతి కాదు. 1871లో దొరతనమువారు నేరస్థజాతుల చట్టమని యొకటి చేసిరి. తరువాత అది మద్రాసు రాజధానికిని వచ్చెను. దానినిబట్టి బిడ్డ పుట్టకముందే దొంగయని వ్రాసిపెట్టబడిన జాతులున్నవి. గుంటూరు సీమలో 1913లో ఎరుకలవారికొరకు స్టువర్టుపురము కట్టబడినప్పుడు దానిని నడిపినది సాల్వేషన్ ఆర్మీ, అనగా మనవంటి ప్రొటెస్టంటు క్రైస్తవులే. వారు భూమి, పని, బడి ఇచ్చిరి. అది మేలే. అయితే హాజరుపట్టీయు, కాపలాయు చేతబట్టుకొని ఆ మేలు చేసిరి. 1952లో దేశమంతట ఆ చట్టము పోయెను. చట్టము పోయినను నవలలును, సినిమాలును స్టువర్టుపురము పేరును దొంగలకు మారుపేరుగా చాలకాలము వాడుకొనుచునే వచ్చినవి. ఆ ఊరిలో పుట్టి పరీక్ష వ్రాయబోవు పిల్లవాడు తన ఊరిపేరు చెప్పుటకు తడబడినయెడల, ఆ తడబాటులో కథకుల పాలు కొంత ఉన్నది.

ఈ విషయములో రోనాల్డ్ నాక్స్ అను రోమను కతోలిక గురువు మాట ఒకటి జ్ఞాపకము వచ్చుచున్నది. ఆయన బైబిలును ఇంగ్లీషులోనికి తర్జుమా చేసిన పండితుడు, డిటెక్టివు కథలు వ్రాసినవాడు కూడ. 1929లో అట్టి కథలకు పది నియమములు చెప్పెను. సరదాకు చెప్పినవే గాని, వాటిలో ఒకటి, కథలో చైనావాడు ఉండరాదని. వినుటకు వికారముగా నుండును. కారణమేమనగా ఆనాటి చౌకబారు నవలలలో కుట్ర ఎక్కడున్నను దాని వెనుక ఒక చైనావాడుండెడివాడు. ఆ సులభోపాయము మానుడని ఆయన భావము. అపరాధి కథ మొదటనే మనకు పరిచయమైనవాడై యుండవలెనని ఇంకొక నియమము. అనగా మన మధ్య కూర్చున్నవాడే. ప్రభువు బల్లయొద్ద తన్ను అప్పగించువాడు మీలో నొకడని చెప్పినప్పుడు శిష్యులు కిటికీలోనుండి వీధివైపు చూడలేదు. నేనా ప్రభువా అని ఒక్కొక్కడు అడిగెను.

మంచిది, మనలోనే ఒకడు. అయితే ఎవడు? ఇక్కడ పిల్లలకు నేర్పవలసిన అసలు పని మొదలగును. చాల కథలలో ఒక వస్తువు దొరకగానే గుట్టు వీడిపోవును. ఎవని సంచిలో దొరకెనో వాడే దొంగ. బైబిలు అంత తొందరపడదు. ఆదికాండములో యోసేపు చరిత్రను ఈ దృష్టితో మరల చదువుడి. అందులో మూడు ఆనవాళ్లున్నవి. మొదటిది మేకరక్తములో ముంచిన అంగీ. అతడు చచ్చెనని అన్నలు నోటితో చెప్పలేదు. ఇది నీ కుమారుని అంగీయో కాదో చూడుమనిరి. దుష్టమృగము వానిని తినివేసెనని తీర్మానించినవాడు తండ్రియే. రెండవది పోతీఫరు ఇంట విడిచి పారిపోయిన వస్త్రము. అది నిజముగా యోసేపుదే, కాని అది చెప్పిన కథ అబద్ధము. మూడవది బెన్యామీను గోనెలో దొరకిన వెండిగిన్నె. గిన్నె దొరకినది, సాక్షులున్నారు, అందరి కన్నుల ఎదుట దొరకినది. అయినను ఆ చిన్నవాడు దానిని ముట్టనేలేదు. మూడు ఆనవాళ్లు, మూడును కంటికి కనబడినవి, మూడును త్రోవ తప్పించినవి. మొదటిదానివలన ఒక తండ్రి యేండ్ల తరబడి ఏడ్చెను. రెండవదానివలన నిర్దోషి చెరసాల పాలయ్యెను.

మా సండేస్కూలు పిల్లలకు ఈ మూడు వరుసగా చెప్పి, ప్రతిచోట ఆపి, నీవు యాకోబు స్థానములో నుండిన ఏమి అడుగుదువు అని అడిగి చూచితిమి. ఒక చిన్నది అన్నమాట: అంగీ చిరగకుండ రక్తమెట్లు అంటినదని అడుగుదును. అంగీ చిరిగెనో లేదో లేఖనము చెప్పలేదు. అయినను ఆ ప్రశ్న మా మనస్సునకు చాల నచ్చినది.

ఇంతదూరము ఎందుకు వ్రాయుచున్నామో మన్యములోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. క్రింది జిల్లాల చదువరులకొరకు చెప్పుదుము. మా కొండలలో బిడ్డ చనిపోయినను, వరుసగా జ్వరములు వచ్చినను, ఎద్దు కూలినను, ఎందువలన అను ప్రశ్నకు ముందు ఎవరివలన అను ప్రశ్న వచ్చును. ఎవరో చిల్లంగి పెట్టిరందురు. ఆ ఎవరో సాధారణముగా ఒంటరి ముసలిది, మాటకు మాట చెప్పు విధవరాలు, లేదా మందులిచ్చు వృద్ధుడు. అట్టివారిని కొట్టి ఊరినుండి తరిమిన సంగతులు, చంపివేసిన సంగతులు కూడ ఏజెన్సీలో పాతకాలపు మాటలు కావు. వార్తాపత్రికలలో నేటికిని వచ్చుచున్నవి. బాప్తిస్మము పొందిన ఇండ్లలో ఈ భయము లేదని చెప్పిన యెడల మేము సత్యము చెప్పినవారము కాము. మెలితేలో పాము చేసిన పనిని ఇక్కడ జ్వరము చేయుచున్నది.

నాక్స్ గారి నియమములలో మరియొకటి, మర్మమునకు జవాబుగా దయ్యములను, మానవాతీత శక్తులను తేరాదని. పాస్టరులై యుండి ఈ నియమమును ఎట్లు మెచ్చుకొందురని మమ్మును అడుగవచ్చును. అద్భుతములను మేము నమ్ముచున్నాము. అయితే ప్రభువు చేసిన అద్భుతములలో ఒక్కటైనను పొరుగువానిమీద నేరము మోపుటకు చేయబడలేదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని శిష్యులు అడిగినప్పుడు ఆయన ఇద్దరిని విడిపించెను.

ఇట్టి ఊరిలో, ఎవరివలన అను ప్రశ్నను ఎట్లు జరిగెను అను ప్రశ్నగా మార్చు కథ పిల్లవాని చేతికి వచ్చినదనుకొనుడి. మన్యములో కొన్నియెడల చచ్చిన పశువు మాంసము కోసి పంచుకొందురు. కొన్ని దినములకు కొందరి చేతులమీద నొప్పిలేని పుండు లేచి, నడుమ నల్లని పెచ్చు కట్టును. అది ఆంత్రాక్స్ అను దొమ్మరోగము. దాని బీజములు మన్నులో ఏండ్ల తరబడి చావక పడియుండును. పెన్సిలిన్ వంటి మందులకు అది లొంగును, కాని ఆలస్యము కూడదు. ఇప్పుడు కథ చూడుడి. ఊరిలో ఏడుగురికి పుండ్లు లేచినవి. అందరి వ్రేళ్లు ఒక ముసలమ్మవైపు తిరిగినవి. ఇద్దరు పిల్లలు మాత్రము ఇల్లిల్లు తిరిగి, ఎవరికి వచ్చినది, ఎవరికి రాలేదు, ఏ దినమున ఎవరు ఏమి ముట్టిరి అని బొగ్గుతో గోడమీద గీతలు గీసికొనిరి. ముసలమ్మతో పోట్లాడిన ఇంటికి రాలేదు. ఆమెకు అన్నము పెట్టు మనుమనికి వచ్చినది. మాంసము కోసిన చేతులన్నిటికి వచ్చినది. ఇక జవాబు చెప్పవలసిన పనియేమి?

ఇది మేము ఊహించిన కథ. ఇటువంటిది నిజముగా జరిగినది లండను పట్టణములో. 1854లో సోహో అను పేటలో కలరా రేగి కొద్ది వారములలో 600కు పైగా చచ్చిరి. డాక్టరు జాన్ స్నో అనునతడు, చచ్చినవారు చాలమంది బ్రాడ్ వీధిలోని ఒకే చేతిపంపు నీరు త్రాగినవారని చూపెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడి తీసివేయబడెను. ఇది డాక్టరులందరు ఎరిగిన కథ. అందరు ఎరుగనిది, ఆ పేటలో సెయింట్ లూక్ సంఘపు అసిస్టెంటు పాస్టరు హెన్రీ వైట్‌హెడ్ సంగతి. డాక్టరు మాట తప్పని రుజువు చేయుటకే ఆయన బయలుదేరెను. తన సంఘస్థులను ఎరిగినవాడు గనుక ఇండ్లకు మరల మరల వెళ్లి, ఎవరు ఏ నీరు త్రాగిరో అడిగి వ్రాసికొనెను. అడిగినకొద్ది డాక్టరు మాటయే నిజమని తేలెను. చివరకు ఆ తెగులు మొదట పట్టిన శిశువు ఇల్లును కనుగొన్నవాడు కూడ ఆయనయే. బావిగోడకు ఆనుకొనియున్న ఆ యింటి మురుగుగుంటలో తల్లి బిడ్డగుడ్డలు ఉతికిన నీళ్లు పోసెను. గుంట గోడ శిథిలమై మురుగు బావిలోనికి ఊరినది.

చదువరులారా, ఇక్కడ ఒక నిమిషము ఆగుడి. ఆ తల్లి బిడ్డ చచ్చినది. ఆమె చేసినది ఏ తల్లియైనను చేయు పనియే. ఆమె పోసిన నీళ్లవలన వందలమంది చచ్చిరి. ఎవరివలన అని అడుగు ఊరిలో ఆమె గతి ఏమగును? ఎట్లు జరిగెనని అడిగినవాడు గుంటగోడ బాగు చేయించును. రెండు ప్రశ్నలకును ఆనవాళ్లు అవే. అడుగు మనస్సు వేరు.

అన్ని మర్మములకును ఇటువంటి జవాబు దొరకదు. ఒక్కొక్కచోట నిజముగా దొంగ ఉండును. పిల్లలు వానిని కనుగొందురు. తరువాత? పట్టణపు కథలలో పోలీసులు వచ్చి తీసికొనిపోవుటతో పుస్తకము ముగియును. దీవిలో ముగియదు. ఇంగ్లీషు రచయిత చెస్టర్‌టన్ 1911లో ఫాదర్ బ్రౌన్ కథల మొదటి సంపుటము వెలువరించెను. అందులో ఫ్లాంబో అను గజదొంగను ఆ పొట్టి గురువు పట్టుకొనును. పట్టుకొని వానితో మాటలాడును. కొన్ని కథలు గడచునప్పటికి ఆ దొంగ దొంగతనము విడిచి, ఆ గురువునకే స్నేహితుడై నేరములు పరిశోధించువాడగును. జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లిన తరువాత అతడు ఊరు విడిచిపోలేదు. నాలుగంతలు మరల చెల్లించుటకు ఇంటింటికి తిరిగియుండవలెను. ఆ తిరుగుట ఎట్లుండెనో, ఏ యింటివారు తలుపు తీసిరో, ఎవరు తీయలేదో లూకా వ్రాయలేదు. పిల్లల కథకులు వ్రాయవలసినది సరిగా అదియే.

ఇందులోనే ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల ఒంటరిగా అతనితో మాటలాడుమని మత్తయి 18వ అధ్యాయములో ఉన్నది గదా అని, పెద్దవాడు పిల్లవానికి చేసిన కీడును కూడ నలుగురికి తెలియకుండ సర్దుకొనవలెనని కొందరు ఆ వచనమును త్రిప్పుదురు. ఆ అధ్యాయములోనే, చిన్నవారిలో ఒకని అభ్యంతరపరచువానికి తిరుగటిరాయి చెప్పబడినది. మేకను దొంగిలించినవానితో ఒంటరిగా మాటలాడవచ్చును. ఎవరికిని చెప్పవద్దని బిడ్డచేత ఒట్టు పెట్టించుకొన్న పెద్దవాని సంగతి తల్లికిని, ఉపాధ్యాయునికిని, పోలీసులకును చెప్పవలెను. మర్మకథలు చదువు పిల్లలకు ఈ భేదము తెలియునట్లు కనీసము ఒక కథయైనను ఆ పుస్తకములో ఉండవలెనని మేము కోరితిమి. ఉపాధ్యాయులు ఒప్పుకొనిరి.

వర్తకుని కూడ తీసివేసిరి. ఇప్పటి చిత్తుప్రతిలో మేకలను చంపినవాడు లేడు. చచ్చిన మేకను పూడ్చకుండ కోసి పంచినది ఆ దీవిలో అందరికిని ఇష్టుడైన మనిషి, పిల్లలలో ఒకదాని తండ్రియే. తన తండ్రి పేరు గోడమీద గీతలలో మొదట నున్నదని ఆ చిన్నది చూచుకొను భాగము బాగుగా కుదిరినది. ఆమె ఆ గీతను చెరుపుటకు చేయి చాపి, చెరుపకుండ నిలుచును. తండ్రిని తానే పడవలో కూర్చుండబెట్టి ఆస్పత్రికి తీసికొనిపోవును.

చివరి పేజీ మాత్రము వారికి ఇంకను కుదురలేదు. పుండ్లు మానినవి. చిల్లంగి మాట అబద్ధమని ఊరంతటికి తెలిసినది. అయితే మూడు వారములనుండి ఎవరును నిప్పు కూడ ఇవ్వని ఆ ముసలమ్మ తలుపు వేసికొని లోపలనే ఉన్నది. మెలితేవారు తమ మాట తప్పని తెలిసినప్పుడు పౌలును క్షమాపణ అడిగినట్లు లేదు, అతనిని దేవుడనిరి. అది సులభము. ముసలమ్మను దేవత అనుట కూడ సులభమే, మా కొండలలో అట్లు జరుగుటయు కలదు. ఆమె గుమ్మమునకు మొదట ఎవరు వెళ్లవలెను, వెళ్లి ఏమనవలెను? పిల్లలు వెళ్లవలెనని ఒక ఉపాధ్యాయుడు. పిల్లలు ఆమెను ఏమియు అనలేదు గనుక మొదటి మాట అన్న పెద్దవారే వెళ్లవలెనని ఇంకొక ఉపాధ్యాయురాలు. వేసవి తరగతులు మొదలగులోపల ఈ పేజీ వ్రాయవలసియున్నది.